విండోస్ పక్కనే లినక్స్: ఉన్న డేటా పోకుండా డ్యూయల్ బూట్ చేసుకోవడం ఎలా?

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకుని, ఆన్ చేసిన ప్రతిసారీ ఏది కావాలో ఎంచుకోవడాన్నే డ్యూయల్ బూట్ అంటారు. లినక్స్ ఇన్‌స్టాల్ కావడానికి పట్టేది ఇరవై నిమిషాలో అరగంటో. దానికి ముందు విండోస్‌లో కూర్చుని చేయాల్సిన పనికి మాత్రం ఒక పూట కేటాయించుకోండి. డేటా పోయిందనో, విండోస్ తెరుచుకోవడం లేదనో ఎవరైనా బాధపడుతుంటే, తీరా చూస్తే పొరపాటు చాలావరకు ఆ ముందు పనిలోనే బయటపడుతుంది. అందుకే ఇన్‌స్టాల్ బటన్ దాకా రావడానికి ఇక్కడ కాస్త సమయం పడుతుంది, తొందరపడకండి.

ఉదాహరణకు లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 24.04 తీసుకున్నాను. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ వెర్షన్‌కు ఐదేళ్ల సపోర్ట్ ఉంది కాబట్టి కొత్తవాళ్లకు ఇబ్బంది ఉండదు. మీరు లినక్స్ మింట్ పెట్టుకున్నా, ఫెడోరా పెట్టుకున్నా దారి ఇదే, స్క్రీన్ మీద కనిపించే మాటలు కొంచెం మారతాయి. మీ కంప్యూటర్‌లో విండోస్ 10 లేదా 11 ఇప్పటికే ఉందనుకుని చెబుతున్నాను. ఈ వరుసే మంచిది కూడా: ముందు విండోస్, తర్వాత లినక్స్. లినక్స్ ఇన్‌స్టాలర్ విండోస్‌ను గుర్తించి మెనూలో చోటిస్తుంది. విండోస్ ఇన్‌స్టాలర్ అలా చేయదు, తన బూట్‌లోడర్‌నే (ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ముందు పెట్టుకుంటుంది.

ఒక్క మాట. లినక్స్ ఎలా ఉంటుందో చూద్దామన్నంత వరకే మీ ఆసక్తి అయితే డ్యూయల్ బూట్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా (వర్చువల్ మెషీన్) నడిపే వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకోవచ్చు. ర్యామ్ తక్కువగా ఉండి వర్చువల్ మెషీన్ మొరాయిస్తున్నా, గ్రాఫిక్స్ కార్డు పూర్తి శక్తి లినక్స్‌కు కావాలన్నా, రోజూ లినక్స్‌లోనే పని చేయాలనుకున్నా అప్పుడు డ్యూయల్ బూట్ సరైన దారి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి, విండోస్ 11కు పనికిరాని పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లు కూడా ఇటు చూస్తున్నారు. ఇంటర్నెట్ పనులన్నీ లినక్స్‌లో, తప్పనిసరైన ఒకటి రెండు పాత సాఫ్ట్‌వేర్లు మాత్రం విండోస్‌లో, నెట్ ఆపేసి వాడుకోవడం. అలాంటివారికి నేను చెప్పేది ఇదే.

బ్యాకప్

మీరు చేయబోయేది డిస్క్‌ను భాగాలుగా (పార్టిషన్లుగా) విడదీసే గోడలు జరపడం. మధ్యలో కరెంటు పోయినా, ఒక క్లిక్ తప్పినా ఫైళ్లు పోతాయి. ఫొటోలు, డాక్యుమెంట్లు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, పోతే మళ్లీ తెచ్చుకోలేనివన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఆ తర్వాత ఆ హార్డ్‌డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టేయండి.

తీసి పక్కన పెట్టమని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి చేసినప్పుడు బ్యాకప్ డిస్క్ తగిలించే ఉంచాను. పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్‌లో పెన్‌డ్రైవ్‌కు బదులు దాన్ని ఎంచుకుని స్టార్ట్ నొక్కాను. ఒక ఏడాది ఫొటోలు పోయాయి, ఇప్పటికీ ఆ బాధ ఉంది. అప్పటి నుంచి ఈ పని మొదలుపెట్టే ముందు అవసరం లేని ప్రతి డ్రైవ్‌నూ పీకేస్తాను.

వీలైతే ఇంకో పెన్‌డ్రైవ్ మీద విండోస్ రికవరీ డ్రైవ్ కూడా చేసుకోండి. స్టార్ట్ మెనూలో ‘రికవరీ డ్రైవ్’ అని వెతికితే ఆ టూల్ వస్తుంది. అవసరం పడకపోవచ్చు. పడితే మాత్రం ఆ రాత్రి దాని విలువ తెలుస్తుంది.

మీ కంప్యూటర్ ఏ పద్ధతిలో బూట్ అవుతోంది?

స్టార్ట్ మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి ‘బయోస్ మోడ్’ అన్న వరుస చూడండి (ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామే బయోస్). అక్కడ యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అని ఉండొచ్చు, లెగసీ (పాత పద్ధతి) అని ఉండొచ్చు. గత పదేళ్లలో వచ్చిన కంప్యూటర్లు చాలావరకు యూఈఎఫ్‌ఐవే. గుర్తుంచుకోవాల్సిన నియమం ఒక్కటే: విండోస్ ఏ మోడ్‌లో ఉందో లినక్స్‌ను కూడా అదే మోడ్‌లో ఇన్‌స్టాల్ చేయాలి. ఒకటి ఇటు, ఒకటి అటు అయితే బూట్ మెనూలో రెండూ కలవవు.

లెగసీ అని ఉంటే డిస్క్ సాధారణంగా ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది. అందులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి కుదరవు, చాలా పాత ల్యాప్‌టాప్‌లలో ఆ నాలుగూ ముందే నిండిపోయి ఉంటాయి. అప్పుడు ఒకదాన్ని ఖాళీ చేసి తీసేయాలి. యూఈఎఫ్‌ఐలో వాడే జీపీటీ డిస్క్‌కు ఈ చిక్కు లేదు. ఇక్కడి నుంచి యూఈఎఫ్‌ఐ ఉన్నట్టే చెబుతాను.

బిట్‌లాకర్ సంగతి

ఈ భాగాన్ని దాటేయకండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి సైన్ ఇన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం వేసే పద్ధతి, విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్) దానంతటదే ఆన్ అయి ఉంటుంది. యజమానికి ఆ విషయం తెలియకపోవచ్చు కూడా. ఆ తర్వాత బయోస్ సెట్టింగ్‌లో ఒకటి మార్చామో లేదో, ఆన్ చేయగానే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ దగ్గర లేకపోతే ఆ డిస్క్‌లోని డేటా మీది కాదు, అంతే.

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ చూడండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ‘బిట్‌లాకర్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్’ ఉంటుంది. ఆన్ ఉంటే ముందుగా ఆ 48 అంకెల కీ సంపాదించండి. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ పేజీలో మీ కంప్యూటర్ పేరు కింద చూస్తే కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి, అంకె అంకె సరిచూసుకోండి. కీని అదే ల్యాప్‌టాప్‌లో ఫైల్‌గా దాచుకుంటే, తాళం చెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

కీ చేతిలోకి వచ్చాక ఎన్‌క్రిప్షన్ ఆపేయండి. ఇది ‘సస్పెండ్’ కాదు, పూర్తిగా ‘టర్న్ ఆఫ్’. డిస్క్ పెద్దదైతే డీక్రిప్ట్ కావడానికి గంటలు పట్టొచ్చు, చార్జర్ పెట్టి వదిలేయండి. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్‌ను ఉబుంటు ఇన్‌స్టాలర్ తనంతట తాను చిన్నది చేయలేదు, బిట్‌లాకర్ ఆపి రమ్మంటుంది.

అంతా అయ్యాక ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ బయట తిప్పేవారు తప్పకుండా చేసుకోవాలి. కాకపోతే అప్పుడు లినక్స్ మెనూ మీదుగా విండోస్ తెరిస్తే రికవరీ కీ అడగొచ్చు. నేరుగా కంప్యూటర్ బూట్ మెనూ నుంచి ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకుంటే ఆ గొడవ తగ్గుతుంది.

ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి

షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే తన కర్నెల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్క్‌లోకి రాసుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచి లేస్తుంది. ఆ స్థితిలో విండోస్ పార్టిషన్ సగం తెరిచి ఉన్నట్టే. లినక్స్ దాన్ని చూసి రాయడానికి ఒప్పుకోదు, చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. బలవంతంగా తెరిచి రాస్తే ఫైళ్లు పాడవుతాయి.

ఆపడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపు పవర్ బటన్లకు సంబంధించిన లింక్ నొక్కండి. పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ అన్నది నొక్కితేనే కింద టిక్కులు మార్చనిస్తుంది. ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్ తీసేసి సేవ్ చేయండి. విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చాక ఒకసారి ఇక్కడికి వచ్చి చూసుకోవడం మంచిది, మళ్లీ ఆన్ అయి ఉండొచ్చు.

లినక్స్‌కు చోటు

ఉబుంటుకు కనీసం 25 జీబీ కావాలి. కానీ 25 జీబీతో మొదలుపెట్టినవారు కొన్నాళ్లకే ఇరుక్కుంటారు. మామూలు వాడకానికి 60, ప్రోగ్రామింగ్‌కో గేమ్స్‌కో అయితే 100 జీబీ ఇవ్వండి. తర్వాత పెంచుకోవడం కష్టమైన పని, ఇప్పుడే ఉదారంగా ఇవ్వడం మేలు.

చోటు తీయడం విండోస్‌లోనే చేయండి, లినక్స్ ఇన్‌స్టాలర్‌కు వదలకండి. విండోస్ పార్టిషన్‌ను విండోస్ టూల్‌తో తగ్గించడమే సురక్షితం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ‘ష్రింక్ వాల్యూమ్’. ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది: 60 జీబీకి 61440, 100 జీబీకి 102400. ష్రింక్ నొక్కాక సీ పక్కన నల్లటి గీతతో ‘అన్‌అలొకేటెడ్’ అన్న చోటు కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. కొత్త డ్రైవ్ చేయకండి, ఫార్మాట్ చేయకండి. లినక్స్‌కు కావాల్సింది ఆ ఖాళీ స్థలమే.

ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కు: సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీగా ఉన్నా పది జీబీకి మించి తగ్గించనివ్వదు. డిస్క్ చివర్లో కదలని ఫైల్ ఏదో కూర్చుని ఉంటుంది. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్), హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు (సిస్టమ్ ప్రొటెక్షన్ దాచుకునేవి), వీటిలో ఒకటి. సిస్టమ్ ప్రొటెక్షన్, పేజ్‌ఫైల్, హైబర్నేషన్ మూడూ తాత్కాలికంగా ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. పని అయ్యాక సిస్టమ్ ప్రొటెక్షన్‌ను, పేజ్‌ఫైల్‌ను తిరిగి ఆన్ చేయడం మరవకండి.

ష్రింక్ తర్వాత విండోస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి మామూలుగా తెరుచుకుంటోందో లేదో చూడండి. బాగుంటేనే ముందుకు.

డిస్క్ కనిపించకపోతే

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఎస్‌ఎస్‌డీ ‘ఆర్‌ఎస్‌టీ’ లేదా ‘వీఎండీ’ అన్న మోడ్‌లో ఉంటుంది. అలాంటివాటిలో ఇన్‌స్టాలర్ డిస్క్‌ను గుర్తించకపోవచ్చు, లేదా ఆర్‌ఎస్‌టీ ఆపి రమ్మనొచ్చు. బయోస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు డిస్క్ మోడ్‌కు మార్చాలి. నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ కాదు, టెన్షన్ మొదలవుతుంది. ముందు విండోస్‌లో ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’ తెరిచి, బూట్ ట్యాబ్‌లో ‘సేఫ్ బూట్’ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి, విండోస్‌లోకి వెళ్లకుండా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. ఇప్పుడు విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి ఏహెచ్‌సీఐ డ్రైవర్ తెచ్చుకుంటుంది. సేఫ్ బూట్ టిక్ తీసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే అంతా మామూలే. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. మీ డిస్క్ కనిపిస్తుంటే ఈ పని అసలు ముట్టుకోవద్దు.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకోండి, దాంట్లో ఉన్నదంతా పోతుంది. ఉబుంటు ఐఎస్‌ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాల్‌కు కావాల్సినదంతా ఉన్న ఒకే ఫైల్) అధికారిక సైట్ నుంచే దించుకోండి. సైట్‌లో ఇచ్చిన షా256 విలువతో (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) మీ ఫైల్ విలువ సరిపోయిందో చూడండి. సెవెన్ జిప్ ప్రోగ్రామ్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ మెనూలోనే ఆ లెక్క వస్తుంది. దించేటప్పుడు ఫైల్ పాడైతే ఇన్‌స్టాల్ సగంలో ఆగుతుంది, రెండు నిమిషాల ఈ పని ఆ బాధ తప్పిస్తుంది.

ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించే రూఫస్ ప్రోగ్రామ్ తెరిచి, పెన్‌డ్రైవ్‌ను దాని సైజు చూసి నిర్ధారించుకుని ఎంచుకోండి. ఐఎస్‌ఓ చూపించండి. పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్‌ఐ. స్టార్ట్.

ముందు నడిపి చూడండి

పెన్‌డ్రైవ్ ఉంచి, విండోస్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేయండి. వచ్చే నీలం మెనూలో ‘యూజ్ ఎ డివైస్’ కింద పెన్‌డ్రైవ్ ఉంటుంది. అక్కడ లేకపోతే కంప్యూటర్ ఆన్ అవుతుండగానే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్‌లోడర్లను అడ్డుకునే రక్షణ) ఆపనక్కర్లేదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటివి సంతకం ఉన్న బూట్‌లోడర్‌తోనే వస్తాయి. ‘సెక్యూర్ బూట్ ఆపేయండి’ అని మొదటి మాటగా చెప్పే సలహాలు పాతవి.

డెస్క్‌టాప్ వచ్చాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుని ఒక పావుగంట వాడండి. వైఫై కలుస్తోందా, సౌండ్ వస్తోందా, టచ్‌ప్యాడ్ సరిగా ఉందా, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా? ఇక్కడ వైఫై రాకపోతే ఇన్‌స్టాల్ చేశాక కూడా చాలావరకు తనంతట రాదు. ఆ సంగతి డిస్క్‌ను ముట్టుకోకముందే తెలియడం మంచిది కదా.

ఇన్‌స్టాల్

భాష, కీబోర్డ్, వైఫై అడుగుతుంది, అవి తేలికే. గ్రాఫిక్స్, వైఫై కోసం థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ కావాలా అంటే టిక్ పెట్టండి.

తర్వాత వచ్చే స్క్రీన్ దగ్గర చేయి మౌస్ మీద నుంచి తీసి, ప్రతి అక్షరం చదవండి. ‘ఇన్‌స్టాల్ ఉబుంటు అలాంగ్‌సైడ్ విండోస్ బూట్ మేనేజర్’ అన్నది మీకు కావాల్సింది. ‘ఎరేజ్ డిస్క్’ అన్నది నొక్కితే విండోస్‌తో సహా అన్నీ పోతాయి. అలాంగ్‌సైడ్ కనిపించకపోతే కంగారుపడి ఎరేజ్ వైపు వెళ్లకండి. ఇన్‌స్టాలర్ మూసేసి బిట్‌లాకర్, బూట్ మోడ్ మరోసారి చూడండి, లేదా ‘మాన్యువల్ ఇన్‌స్టాలేషన్’ ఎంచుకోండి.

నేను ఎప్పుడూ మాన్యువలే ఎంచుకుంటాను, ఏది ఎక్కడికి వెళుతోందో కళ్లతో చూడొచ్చు కాబట్టి. అందులో ‘ఫ్రీ స్పేస్’ అన్న వరుస మీరు విండోస్‌లో తీసిన చోటు, సైజు సరిపోల్చుకోండి. దాని మీద కొత్త పార్టిషన్ చేసి, రకం ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర / గుర్తు ఇవ్వండి. స్వాప్‌కు (ర్యామ్ నిండితే వాడుకునే చోటు) వేరే పార్టిషన్ అవసరం లేదు, ఉబుంటు ఫైల్ రూపంలో తానే చేసుకుంటుంది. ఇక ఫ్యాట్32లో ఉన్న చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్, విండోస్ చేసుకున్నదైతే తరచుగా 100 ఎంబీ ఉంటుంది. విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉన్నాయి, లినక్స్‌వి కూడా వాటి పక్కనే చేరతాయి. దాన్ని బూట్ కోసం వాడుకోనివ్వండి, ఫార్మాట్ టిక్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

చివరి స్క్రీన్‌లో జరగబోయే మార్పుల జాబితా వస్తుంది. అందులో ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే రకం) పార్టిషన్ ఏదైనా ఫార్మాట్ అవుతుందని ఉంటే వెనక్కి వెళ్లండి. ఇన్‌స్టాల్ నొక్కేదాకా డిస్క్ మీద ఏదీ మారదు.

ఎన్‌విడియా డ్రైవర్ లాంటివి ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగొచ్చు, దాన్ని రాసుకోండి. రీస్టార్ట్ కాగానే నీలం స్క్రీన్ మీద ‘ఎన్‌రోల్ ఎంఓకే’ అని వస్తే, అది ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. పట్టించుకోకుండా దాటేస్తే సెక్యూర్ బూట్ ఆ డ్రైవర్‌ను నడవనివ్వదు.

మొదటి రోజు ఎదురయ్యేవి

రీస్టార్ట్ చేసి పెన్‌డ్రైవ్ తీసేస్తే గ్రబ్ అనే నల్ల మెనూ వస్తుంది. పైన ఉబుంటు, కింద విండోస్ బూట్ మేనేజర్. రెండింటినీ ఒక్కోసారి తెరిచి చూడండి.

గ్రబ్ రాకుండా నేరుగా విండోస్ వస్తే లినక్స్ పోయినట్టు కాదు. బయోస్‌లో బూట్ ఆర్డర్‌లోకి వెళ్లి ‘ఉబుంటు’ అన్నదాన్ని పైకి జరపండి. విండోస్ అప్‌డేట్ తర్వాత కూడా ఒక్కోసారి ఈ వరుస మారుతుంది, మందు అదే. గ్రబ్ వచ్చి అందులో విండోస్ లేకపోతే, గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆపి ఉండడమే కారణం కావచ్చు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని ఆన్ చేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే విండోస్ తిరిగి మెనూలోకి వస్తుంది. ఈలోగా బూట్ మెనూ కీతో విండోస్ తెరుచుకోవచ్చు.

గడియారం తప్పు చూపిస్తే భయపడకండి. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. అందుకే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు కొన్ని గంటల తేడా వస్తుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లినక్స్‌ను కూడా స్థానిక సమయమే వాడమని చెప్పొచ్చు.

2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత చాలామంది డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ బూట్ కాలేదు, పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ అడ్డుకుంది. లినక్స్ వైపు అప్‌డేట్లు నెలల తరబడి వాయిదా వేయకపోవడమే దీనికి జాగ్రత్త. లైవ్ పెన్‌డ్రైవ్‌ను కూడా చెరపకుండా దాచుకోండి, ఏ వైపు ఆగిపోయినా దాంతో బూట్ చేసి ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు.

లినక్స్ తీసేయాలనుకుంటే

విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్‌ను నేరుగా డిలీట్ చేస్తే, తర్వాత ఆన్ చేసినప్పుడు గ్రబ్ తన ఫైళ్లు దొరక్క నల్ల స్క్రీన్ మీద ఆగిపోతుంది. అందుకని ముందు బయోస్‌లో ‘విండోస్ బూట్ మేనేజర్’ను మొదటి స్థానంలో పెట్టండి. రెండు సార్లు రీస్టార్ట్ చేసి నేరుగా విండోస్ వస్తోందని చూసుకోండి. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో, సైజు చూసి గుర్తుపట్టి, లినక్స్ పార్టిషన్ ఒక్కటే డిలీట్ చేయండి. ఈఎఫ్‌ఐ, రికవరీ పార్టిషన్ల జోలికి వెళ్లకండి. ఖాళీ అయిన చోటు సీ డ్రైవ్‌కు కుడివైపు ఆనుకుని ఉంటే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’తో తిరిగి అందులో కలిపేసుకోవచ్చు.